జున్నుతో అజిలిటీ: క్లాసుకి పేరు ఇచ్చిన దగ్గర్నుంచి మొదటి టైటిల్ దాకా

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లలో కుక్కలు బాగానే పెరిగాయి కానీ, వాటిని అజిలిటీకి, అంటే కుక్క అడ్డంకులు దాటుతూ మనతో పాటు పరిగెత్తే పోటీలకి, తీసుకెళ్లేవాళ్లు మాత్రం నాకు ఒక్కరూ దొరకలేదు. అడుగుదామంటే మనిషి లేక ప్రతిదీ అక్కడికి వెళ్లాకే తెలుసుకోవాల్సి వచ్చింది. అందుకే అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నా. కిందటి అక్టోబర్లో మొదలుపెడితే ఈ నవంబర్లో మా కుక్క జున్నుకి మొదటి టైటిల్ వచ్చింది, అంటే ఏడాది పైమాటే. ఎవరైనా మూడు నెలల్లో రింగులోకి దింపేస్తాం అంటే నమ్మకండి.

జున్ను షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క. ఏ జాతో వాళ్లకే తెలియదు, కాగితం మీద మిక్స్ అని రాసిచ్చారు. మూపు దగ్గర కొలిస్తే 17 అంగుళాలు. ఈ కొలతతో తర్వాత చాలా పని పడింది, చెప్తాను. పొద్దున గంట, సాయంత్రం గంట నడిపించినా ఇంటికొచ్చి సోఫా దిండ్లు పీకేది. మామూలు ఒబీడియెన్స్ క్లాసు చెప్పిన ట్రైనరే విసిగిపోయి, దీనికి నడక సరిపోదమ్మా, పని కావాలి, అజిలిటీలో పెట్టి చూడు అంది.

సరే అని ఫోన్ చేస్తే జనవరి దాకా ఖాళీ లేదన్నారు. మూడు నెలల వెయిటింగ్ లిస్టు! ఆ ఖాళీలో చేసుకోదగ్గ పని రిజిస్ట్రేషన్. అమెరికన్ కెన్నెల్ క్లబ్, అందరూ ఏకేసీ అంటారు, వాళ్ల పోటీల్లో దిగాలంటే కుక్కకి ఒక నంబరు ఉండాలి. జాతి కుక్కలకే అనుకుని నేను ముందు ఆ వైపు చూడనే లేదు, కానీ 2010 నుంచి మిక్స్ కుక్కల్ని కూడా అజిలిటీలోకి రానిస్తున్నారట. వాటికి కెనైన్ పార్ట్‌నర్స్ అని వేరే నమోదు ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఉండాలన్నారు, అది షెల్టర్ వాళ్లు ముందే చేయించారు కాబట్టి ఆ గొడవ తప్పింది. ఆన్‌లైన్లో ఫారం నింపి డబ్బు కడితే కొద్ది రోజుల్లో నంబరు వచ్చేసింది. మొత్తం వ్యవహారంలో ఇంత సులువుగా అయిన పని ఇదొక్కటే.

జనవరిలో క్లాసు మొదలైంది. ఆరు వారాలకి 190 డాలర్లు, వారానికి ఒక గంట. మొదటి రోజు నేను కెమెరా ఛార్జ్ చేసుకుని మరీ వెళ్లా, జున్ను ఎగిరి దూకుతుంటే తీద్దామని. అక్కడ దూకడం లేదు, సొరంగం లేదు. నేల మీద ఒక చెక్క పలక పెట్టి దాని మీద నాలుగు కాళ్లూ పెట్టి నిలబడటం, నేల మీద పరిచిన కడ్డీల మధ్య నుంచి వెనక కాళ్లు తగలకుండా నడవటం, పక్కన ఇంకో కుక్క పరిగెడుతున్నా మన మొహం వైపు చూడటం, ఇవే ఆరు వారాలూ. కుక్కలకి తమకి వెనక కాళ్లు ఉన్నాయన్న ధ్యాసే ఉండదట, ముందు కాళ్లు ఎటు పోతే అవి అటు వస్తాయంతే. ఇంటికొచ్చి మా మెట్ల మీద గమనిస్తే నిజమే.

తినిపించడానికి కొన్న బిస్కెట్లు దేనికీ పనికిరాలేదు. చుట్టూ పది కుక్కలున్నప్పుడు ఎండు బిస్కెట్ కోసం ఏ కుక్కా వినదు. ఉప్పు వేయకుండా ఉడికించిన కోడి ముక్కలు, చీజ్ స్టిక్ చిటికెన వేలి గోరంత ముక్కలు, ఇవి ఉంటేనే మాట వింటుంది. ఫ్రిజ్‌లో ఒక అర జున్నుదే అయిపోయింది. కమాండ్లు తెలుగులోనే పెట్టుకున్నాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కాకపోతే జంప్‌కి "దూకు", సొరంగానికి "దూరు" అంటుంటే ట్రైనర్ ఆపి, నువ్వు రెండింటికీ ఒకే మాట అంటున్నావు అంది. పరిగెడుతూ అరిచినప్పుడు కుక్కకి రెండూ ఒకటే మరి. సొరంగానికి "లోపలికి" అని మార్చాం.

మార్చిలో ఫాస్ట్ క్యాట్ అనే పోటీకి వెళ్లాం. ఇదైతే ఏమీ నేర్పక్కర్లేదు, ఏడాది నిండిన కుక్క ఏదైనా దిగొచ్చు. 100 గజాల నేల, దాని మీద మోటారుతో తాడు లాగుతుంటారు, తాడుకి తెల్ల ప్లాస్టిక్ కవర్లు కట్టి ఉంటాయి, కుక్క వాటి వెంట పడాలి. ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఏంటంటే, మన తరఫున ఇద్దరు మనుషులు ఉండాలి. ఒకరు ఈ చివర వదలాలి, ఇంకొకరు ఆ చివర పట్టుకోవాలి. మా ఆయన ఆఫీసు కాల్ ఉందని రానన్నాడు, చివరికి కాల్ మాట్లాడుతూనే వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కుక్కని వదిలాడు. ముందు కుంటుతోందా లేదా అని నడిపించి చూశారు, ఎత్తు కొలిచారు, తర్వాత రెండు గంటలు లైన్లో. ఆ లైన్లో గోల చెప్పలేను, ముందు కుక్క పరుగు చూసి వెనకున్న కుక్కలన్నీ పిచ్చెక్కినట్టు అరుస్తాయి.

జున్ను పరుగు 12 సెకన్లు. అంటే గంటకి 17 మైళ్లు. 12 నుంచి 18 అంగుళాల లోపు ఎత్తుంటే ఆ వేగాన్ని ఒకటిన్నరతో హెచ్చిస్తారు, పాతికన్నర పాయింట్లు వచ్చాయి. ఇందులో మొదటి టైటిల్‌కి 150 కావాలి, అదే లెక్కన ఆరు పరుగులు. ఒక్కో పరుగుకి 25 డాలర్లు. మధ్యాహ్నం రెండో పరుగులో సగం దూరం వెళ్లి ఆగి, పక్కన అరుస్తున్న కుక్కల్ని చూసి, అప్పుడు తీరిగ్గా వచ్చింది. అయినా ఆ రోజు నాకు చాలా సంతోషంగా అనిపించింది. కొత్తవాళ్లు ఎవరైనా ముందు ఇందులోనే దిగండి. జనం, మైకు, లైను, కార్లో గంటల తరబడి కూర్చోవడం, ఇవన్నీ కుక్కకీ మనకీ అలవాటవుతాయి, ఓడిపోయేదేం లేదు.

ఏప్రిల్ నుంచి అసలు సామాన్లు మొదలయ్యాయి. రెండు వైపులా వాలుగా ఉండే ఏ-ఫ్రేమ్, ఎత్తు మీద సన్నని పలక ఉండే డాగ్‌వాక్, పిల్లల పార్కుల్లో ఉండేలాంటి సీసా, అంటే ఒక వైపు ఎక్కితే రెండో వైపుకి వాలే పలక. వీటి చివర్లలో పసుపు రంగు వేసి ఉంటుంది, దిగేటప్పుడు కుక్క ఒక్క కాలైనా ఆ పసుపు మీద పెట్టి దిగాలి, పైనుంచి ఎగిరి దూకేస్తే ఆ పరుగు పోయినట్టే. ఏ-ఫ్రేమ్ రెండు వారాల్లో వచ్చేసింది. సీసా దగ్గర మాత్రం చచ్చిపోయాం. ఎక్కుతుంది, మధ్యకి వస్తుంది, పలక వాలి నేలకి ఠాప్‌మని తగలగానే ఒక్క దూకు దూకి నా కాళ్ల మధ్యకి వచ్చేస్తుంది. ట్రైనర్ పలక కింద దిండు పెట్టి, రెండంగుళాలే కదిలేలా చేసి, చప్పుడైన ప్రతిసారీ కోడిముక్క ఇప్పించింది. ఇంట్లో నేను వంటగదిలో గరిటె కింద పడేసినప్పుడల్లా ముక్క వేసేదాన్ని. కొన్నాళ్లకి గిన్నె పడితే చాలు పరిగెత్తుకొచ్చి కూర్చునేది.

వీవ్ పోల్స్ ఇంకో కథ. రెండేసి అడుగుల ఎడంలో నిలబెట్టిన గొట్టాల మధ్య నుంచి అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పోవాలి, మొదటి గొట్టం కుక్క ఎడమ భుజానికి తగిలేలా దూరాలి. మొదటి స్థాయిలో ఆరే ఉంటాయి. ఆ ఆరు గొట్టాలకి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పట్టింది. పెరట్లో ప్రాక్టీసుకి కొన్న సెట్టు 85 డాలర్లు. టెక్సాస్ ఎండ తెలిసిందే, జూన్ దాటాక పొద్దున ఏడు లోపు అయిపోవాలి, లేకపోతే నేల కాలిపోతుంది. జూలైలో మా క్లాసు రాత్రి ఎనిమిదికి మార్చారు, ఇంటికొచ్చేసరికి పదిన్నర, పొద్దున ఆఫీసు. ఆ నెలలో మానేద్దామని చాలాసార్లు అనుకున్నా.

ట్రయల్, అంటే అజిలిటీ పోటీ, దాని ఎంట్రీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. సెప్టెంబర్ ట్రయల్‌కి ఆగస్టు మధ్యలోనే ఎంట్రీలు మూసేశారు. ముందుగా ప్రీమియం లిస్టు అని ఒక పత్రం విడుదల చేస్తారు, తేదీలు, జడ్జిలు, ఫీజులు, రూల్స్ అన్నీ అందులో ఉంటాయి, మొత్తం చదవాల్సిందే. నేను దిగిన దానికి ఫారం ప్రింట్ తీసి, చేత్తో నింపి, చెక్కు రాసి పోస్టులో పంపాలి. చెక్కు! ఇన్నేళ్లలో నేను ఇక్కడ చెక్కు రాసిన పాపాన పోలేదు, బ్యాంకుకి చెక్‌బుక్ ఆర్డర్ పెడితే వచ్చేసరికి వారం. మొదటి పరుగుకి 30, అదే రోజు రెండోదానికి 25. వచ్చిన ఎంట్రీలు ఎక్కువైతే డ్రా తీస్తారు. మన పేరు ఉందో లేదో తెలియడానికి ఇంకో వారం పైనే. ఉంది. తర్వాత ఎవరు ఎన్నో నంబరో, ఎన్ని గంటలకి రావాలో ఈమెయిల్ వచ్చింది.

అప్పటికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. ఫీజులు, హడావిడి అంతా చూసి, "పిల్లల్ని స్పెల్లింగ్ బీకి తిప్పినట్టు తిప్పుతున్నావే కుక్కని" అంది. వద్దంటుందేమో అనుకున్నా, ట్రయల్ రోజు పొద్దున నాలుగున్నరకే లేచి పులిహోర కలిపి డబ్బాలో సర్ది రెడీగా కూర్చుంది.

ఆరున్నరకల్లా చేరాలన్నారు. చేరాం. ముందు కొలత. తలకిందులుగా పెట్టిన గేటు లాంటి దాన్ని జడ్జి కుక్క మూపు మీదుగా దించుతారు, కుక్క కదలకుండా నిలబడాలి. మనం ఇంట్లో కొలిచింది లెక్కలోకి రాదు. 14 అంగుళాలు దాటి 18 లోపు ఉంటే 16 అంగుళాల ఎత్తులో దూకాలి, జున్ను దాంట్లోకే వచ్చింది. ఇది ముందే టేబుల్ మీద నిలబెట్టి, స్కేలు మూపుకి ఆనించి అలవాటు చేశాం కాబట్టి కదల్లేదు, పక్కన ఒక బీగిల్ మాత్రం ఆ గేటు చూసి వెనక్కి వెనక్కి పోయింది.

ఇక అక్కడి నుంచి ఎదురుచూడటమే. పెద్ద క్లాసులు ముందు, మా నావిస్, అంటే మొదటి స్థాయి, చివర. పొద్దున ఆరున్నరకి వెళ్తే నా మొదటి పరుగు మధ్యాహ్నం ఒకటిన్నరకి. అందరూ మడత కుర్చీలు, ఫ్యాన్లు, ఐస్‌బాక్సులు, కుక్కల క్రేట్లకి కప్పే దుప్పట్లతో కాపురం పెట్టేశారు. నా దగ్గర క్రేటు ఉంది కానీ కప్పే గుడ్డ లేదు, వచ్చే పోయే ప్రతి కుక్కనీ చూసి జున్ను మొరుగుతోంది. అమ్మ కాసేపు చూసి తన చున్నీ తీసి కప్పేసింది. ఊరుకుంది. ఖాళీగా కూర్చుంటే గుండె దడ ఎక్కువవుతోందని నేను వెళ్లి వాలంటీర్‌గా పేరిచ్చాను. పడిపోయిన కడ్డీలు మళ్లీ పెట్టడం, మొదలు దగ్గర వదిలిన లీష్ తీసుకెళ్లి చివర పెట్టడం, ఇవే పనులు. చేసినవాళ్లకి మధ్యాహ్నం భోజనం ఉచితం. మీరూ చేయండి, రింగు లోపల నిలబడి చూస్తే ఒక గంటలో అర్థమయ్యేది బయట కూర్చుంటే రోజంతా అర్థం కాదు.

పరుగుకి ముందు కుక్క లేకుండా మనల్ని ఒక్కళ్లనే లోపలికి వదులుతారు, ఎనిమిది నిమిషాలో ఎంతో, ఏ నంబరు తర్వాత ఏది అని చూసుకోవడానికి. పెద్దవాళ్లంతా గాల్లో చేతులు ఊపుతూ, లేని కుక్కకి కమాండ్లు ఇస్తూ పరిగెడుతుంటారు. అమ్మ దూరం నుంచి నన్ను అలా చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. జేబులో ఒక్క ముక్క కూడా ఉండకూడదు, మెడలో వేలాడే బిళ్లలు ఉండకూడదు, రింగులో కుక్క ఒకటికో రెంటికో కూర్చుందా, బయటికే. ఆ భయంతో నేను జున్నుని అంతకు ముందు గంటలో ఎన్నిసార్లు బయట తిప్పానో లెక్కలేదు.

ఒకటిన్నరకి మా నంబరు పిలిచారు. ఇది స్టాండర్డ్, అంటే ఎక్కే సామాన్లు కూడా ఉండే పరుగు. కూర్చోబెట్టి లీష్ తీశా. మొదటి జంప్, రెండో జంప్, సొరంగం, అన్నీ క్లాసులో కన్నా బాగా చేసింది. సొరంగంలోంచి బయటికొచ్చి ముక్కు నేలకి ఆనించింది. అది మామూలుగా గుర్రాల షోలు జరిగే హాలు, కింద అంతా మట్టి. ఎంత శుభ్రం చేసినా మట్టిలో లద్దె ముక్కలు ఉంటాయి కదా. జున్ను జీవితంలో అంత రుచైనది ఎప్పుడూ చూడలేదు. నేను పిలుస్తున్నా, బతిమాలుతున్నా, అది నములుతోంది. ఎట్టకేలకు వచ్చి ఏ-ఫ్రేమ్ ఎక్కి పసుపు మీద చక్కగా కాలు పెట్టి దిగింది, టేబుల్ మీదకి ఎక్కింది, జడ్జి ఐదు లెక్కపెట్టేలోపే దిగేసి కడ్డీలు పెట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లి తోక ఊపింది. మొహం మంటెత్తిపోయింది నాకు. బయట ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు, అది కొత్తవాళ్లందరికీ కొడతారు. అమ్మ మాత్రం, "ఇంత దూరం వచ్చింది దీనికి లద్దె తినిపించడానికా" అంది.

సాయంత్రం జంపర్స్. అందులో ఎక్కే సామాన్లు ఉండవు, జంప్‌లు, సొరంగాలు, వీవ్స్ అంతే. అన్నీ అయ్యాయి, వీవ్స్ కూడా, చివరి జంప్‌లో వెనక కాలు తగిలి కడ్డీ టక్కున పడింది. 100కి 85 వస్తే పాస్, కానీ కడ్డీ పడితే మిగతాది ఎంత బాగున్నా లెక్కలోకి రాదు. కార్లో ఇంటికొచ్చేదాకా ఎవరం మాట్లాడుకోలేదు, జున్ను మాత్రం వెనక సీట్లో గుర్రు పెట్టి నిద్రపోయింది.

ఆ ట్రయల్ తర్వాత ట్రైనర్‌తో చాలాసేపు మాట్లాడా. జున్నుకి జంప్‌లు, వీవ్స్ వచ్చు. రానిది ఏంటంటే, ఏడు గంటలు క్రేట్లో ఉండి, జేబు ఖాళీగా ఉన్న మనిషితో, కొత్త వాసనల మధ్య అదే పని చేయడం. క్లాసులో అది నేర్పరు, నేర్పలేరు కూడా. అందుకని సెప్టెంబర్ అంతా సామాన్లు పక్కన పెట్టేశాం. హార్డ్‌వేర్ షాపుల పార్కింగ్ లాట్లలో క్రేటు మీద దుప్పటి కప్పి గంట కూర్చోవడం. కోడిముక్కల డబ్బా కుర్చీ మీద వదిలేసి దూరంగా వెళ్లి పని చేయించి, అప్పుడు ఇద్దరం పరిగెత్తుకొచ్చి డబ్బా తెరవడం. ఇంకా, తెలిసినవాళ్ల గుర్రాల పాకకి ఆదివారాలు వెళ్లి ఆ మట్టిలో నడిపించి, నా వైపు చూసిన ప్రతిసారీ చీజ్. అక్కడి గుర్రాలకి మేము బాగా అలవాటైపోయాం.

అక్టోబర్ ట్రయల్ మూడు గంటల దూరం, శని ఆదివారాలు. హోటల్ గది అద్దె కాకుండా కుక్కకి 50 డాలర్లు వేరే. శనివారం జంపర్స్‌లో ఒక జంప్ ముందు ఆగి పక్కకి తిరిగింది, దానికి 5 పోయి 95 వచ్చింది. పాస్! పాసైనవాళ్లకి ఆకుపచ్చ రిబ్బన్, మొదటి స్థానానికి నీలం రిబ్బన్ ఇస్తారు, మాకు రెండూ ఇచ్చారు. ఎందుకంటే 16 అంగుళాల్లో, నాలాంటి కొత్తవాళ్ల క్లాసులో, ఆ రోజు దిగిన కుక్క జున్ను ఒక్కటే. అమ్మ ఆ సంగతి దాచిపెట్టి నీలం రిబ్బన్ ఫొటో తెనాలి గ్రూపులో పెట్టేసింది, అభినందనలు రెండ్రోజులు వచ్చాయి.

జంపర్స్ టైటిల్‌కి మూడు పాస్‌లు కావాలి, కనీసం ఇద్దరు జడ్జిల దగ్గర. మిగతావి ఆదివారం ఒకటి, నవంబర్లో ఒకటి వచ్చాయి. ఆ చివరి పరుగు ఏమంత అందంగా లేదు, వీవ్స్ దగ్గర మొదటిసారి లోపలికి సరిగ్గా దూరక మళ్లీ మొదట్నుంచి చేయించాల్సి వచ్చింది, కానీ కడ్డీ పడలేదు. స్కోరు కాగితం గోడకి అంటించేదాకా నేను అక్కడే నిలబడ్డా.

స్టాండర్డ్‌లో మాత్రం ఇంకా ఒక్కటీ రాలేదు. సీసా చప్పుడు క్లాసులో పచ్చిక మీద ఒకలా ఉంటుంది, హాల్లో మట్టి మీద ఇంకోలా ఉంటుంది. నవంబర్లో సగంలో దూకేసింది. ఏకేసీలో ఒక వెసులుబాటు ఉంది, పరుగు ఎలాగూ పోయింది కాబట్టి ఆ ఒక్కదాన్నీ మళ్లీ చేయించొచ్చు. అదే చేశా. రెండోసారి చివరిదాకా నిలబడింది, బయటికి వస్తూనే డబ్బాలో ముక్కలన్నీ పెట్టేశా.

డబ్బు సంగతి అడుగుతారు కాబట్టి: క్లాసులు, ఎంట్రీలు, క్రేటు, వీవ్ సెట్టు, హోటళ్లు, పెట్రోలు అన్నీ కలిపి 2,000 డాలర్లు దాటింది. కొత్త సోఫాకి కూడా అంతే అయ్యేదని మా ఆయన అంటున్నాడు, ఈ ఏడాది సోఫా జోలికైతే పోలేదు జున్ను.

డిసెంబర్ ట్రయల్‌కి చెక్కు నిన్ననే పోస్టు చేశా, ఈసారి స్టాండర్డ్ ఒక్కటే. మీ ఊళ్లో చేరాలనుకుంటే జనవరి బ్యాచ్‌కి ఇప్పుడే పేరు ఇచ్చేయండి, పండగల తర్వాత చూద్దాం అనుకుంటే ఏప్రిల్‌కి వెళ్లిపోతుంది. క్రేటు మీదకి దుప్పటి మాత్రం మర్చిపోవద్దు, ముదురు రంగుదైతే మంచిది.